తనఖా అప్పు దరఖాస్తు తిరిగి వచ్చినప్పుడు: తప్పు బ్యాంకుదైతే మనమేం చేయాలి?

(సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో ఫెడరేషన్ పక్షాన చేసిన ప్రసంగ పాఠం. పాలు పోసే వేళ సంఘంలో సభ్యులందరికీ చదివి వినిపించవలసిందిగా మనవి.)



పచ్చిమేత, దాణా ధర, వెన్న శాతం, దూడల పెంపకం గురించి మనం ఎన్నో సమావేశాల్లో మాట్లాడుకున్నాము. ఈ రోజు మేము చెప్పదలచిన సంగతి పశువుల కొట్టంలో కాక బ్యాంకు బల్ల మీద జరుగుతుంది. కాని దాని ఫలితం మాత్రం తిన్నగా కొట్టంలోకే వస్తుంది. గేదె ఈ సీజనులో ఇంటికి వస్తుందా, వచ్చే ఏడాదికి వాయిదా పడుతుందా అన్నది ఆ బల్ల మీదనే తేలుతుంది.

సభ్యుడు భూమి తనఖా పెట్టి అప్పు అడుగుతాడు. కొన్ని వారాల తరువాత "కుదరదు" అన్న మాట వినవస్తుంది. మన సభ్యులలో చాలామంది ఆ మాటతోనే లేచి ఇంటికి వచ్చేస్తారు. "మన రాత" అనుకుంటారు. మరునాడు ఊళ్లో వడ్డీకి ఇచ్చేవారి అరుగు ఎక్కుతారు. ఆ "కుదరదు" వెనుక కారణం ఏమిటో అడిగేవారు తక్కువ. ఆ కారణం సరైనదో కాదో చూసేవారు ఇంకా తక్కువ.

తిరస్కరించిన ప్రతి దరఖాస్తులోనూ బ్యాంకు తప్పు ఉంటుందని మేము అనడం లేదు. పాత బాకీ నిజంగా ఉంటే కట్టవలసిందే. పత్రాలు సరిగా లేకపోతే సరిచేసుకోవలసిందే. కాని బ్యాంకువారు రాసుకున్న లెక్క తప్పయినందువల్ల, లేదా పంపవలసిన సమాచారం వారు పంపనందువల్ల దరఖాస్తు పోతే, అది మన రాత కాదు. అది వారి రాత. దిద్దించుకోవచ్చు.

ఒక లెక్క చూడండి

మన సంఘాలలో ఒకదానిలో జరిగిన సంగతి చెబుతాము. ఊరు, పేరు, బ్యాంకు చెప్పము. వాటితో మనకు పని లేదు, లెక్కతోనే పని.

ఒక సభ్యుడు నాలుగు లక్షల రూపాయలు తనఖా అప్పు అడిగాడు. గేదెలు కొనాలి, రేకుల కొట్టం వేయాలి. ఐదేళ్లలో తీర్చాలి. పది శాతం వడ్డీ అనుకుంటే నెల వాయిదా సుమారు 8,500 రూపాయలు అవుతుంది. అతని సంఘంలో పాల బిల్లు 15 రోజులకొకసారి ఇస్తారు. ఒక బిల్లులో పాల విలువ 11,400 రూపాయలు. సంఘం ద్వారా తీసుకున్న దాణాకు 3,200 రూపాయలు కోత పోగా, ఖాతాలో పడినది 8,200 రూపాయలు.

బ్యాంకు కాగితంలో ఏమి రాశారు? నెల ఆదాయం 8,200 అని రాశారు. పదిహేను రోజుల బిల్లును నెల బిల్లు అనుకున్నారు. అంతటితో ఆగలేదు. ఖర్చుల పట్టీలో "దాణా ఖర్చు నెలకు 6,400" అని మళ్లీ తీసివేశారు. మిగులు 1,800 రూపాయలు. "ఈ మనిషి 8,500 వాయిదా ఎలా కడతాడు?" అని దరఖాస్తు తిరగగొట్టారు.

అసలు లెక్క ఇది. నెలకు రెండు బిల్లులు, పాల విలువ 22,800. దాణా 6,400 ఒక్కసారే తీయాలి. మిగులు 16,400. వాయిదా కట్టిన తరువాత కూడా 7,900 రూపాయలు చేతిలో ఉంటాయి. కొనబోయే గేదెల పాలు ఈ లెక్కలో చేర్చనే లేదు.

తిరస్కరించిన కారణం రాసి ఇమ్మని సంఘ కార్యదర్శి అడిగేవరకు ఈ సంగతి ఎవరికీ తెలియలేదు. తెలిసిన తరువాత పన్నెండు నెలల పాల బిల్లుల పట్టిక జతచేసి లేఖ ఇచ్చారు. కొత్తగా వచ్చిన మేనేజరు ఫైలు తీయించి మళ్లీ లెక్క కట్టించారు. అప్పు మంజూరయింది.

కాని ఈలోగా ఐదు నెలలు గడిచాయి. సభ్యుడు అప్పటికే రెండు గేదెల కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్షా యాభై వేలు చేబదులు తెచ్చాడు. నెలకు మూడు వేలు, ఐదు నెలలకు 15,000 వడ్డీ. అదే పది శాతం అయితే 6,250 అయ్యేది. తేడా 8,750 రూపాయలు. ఆ డబ్బు అతనికి ఎవరూ తిరిగి ఇవ్వలేదు. కారణం మొదటి వారంలోనే అడిగి ఉంటే ఆ డబ్బు మిగిలేది. అందుకే ఈ విషయం మీ ముందు పెడుతున్నాము.

బ్యాంకువైపు తప్పులు ఎక్కడ వస్తాయి?

మొదటిది, ఇప్పుడు చెప్పిన ఆదాయపు లెక్క. కొన్ని సంఘాలలో బిల్లు పది రోజులకు, కొన్నింటిలో పదిహేను రోజులకు. కాగితం చూసే గుమస్తాకు ఆ సంగతి తెలియకపోవచ్చు.

రెండవది, భూమి కొలత. తెలంగాణలో ఎకరాకు 40 గుంటలు లెక్క. ఆంధ్ర జిల్లాల్లో ఎకరాకు 100 సెంట్లు. రెండెకరాల ఇరవై గుంటలను పాసు పుస్తకంలో 2.20 అని రాస్తారు. అంటే సరిగ్గా రెండున్నర ఎకరాలు. సెంట్ల లెక్క అలవాటైన చేయి దానిని రెండెకరాల ఇరవై సెంట్లుగా చదివితే పన్నెండు గుంటల భూమి కాగితం మీద మాయమవుతుంది. మరొక పత్రంలో రెండున్నర అని ఉంటే "విస్తీర్ణం పొసగలేదు" అని లాయరు పరిశీలనలో దరఖాస్తు ఆగిపోతుంది. సర్వే నంబరులో ఉపవిభాగం అక్షరం పొరపాటున పడినా ఇదే గతి.

మూడవది, పేర్ల కలగాపులగం. మన ఊళ్లలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవారు నలుగురైదుగురు ఉంటారు. తాత పేరు మనవడికి పెడతాము. ఒకరి బాకీ మరొకరి పరపతి చిట్టాలో పడితే, పైసా అప్పు లేని మనిషి కూడా ఎగవేతదారుగా కనబడతాడు. జనం సిబిల్ అని పిలిచేది ఈ చిట్టానే. నిజానికి దేశంలో ఇలాంటి పరపతి సమాచార సంస్థలు నాలుగు ఉన్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. ఒకదానిలో తప్పు ఉండి మిగతా వాటిలో లేకపోవచ్చు. ఏ సంస్థ నివేదిక చూసి కాదన్నారో తెలుసుకోవడం అందుకే అవసరం.

నాలుగవది, తీరిన అప్పు తీరనట్టు నిలిచిపోవడం. పాత బ్యాంకులో అప్పు కట్టేశాము, రసీదు కూడా ఉంది. కాని ఆ బ్యాంకు తన భారాన్ని భూమి రికార్డులలోంచి తీయించలేదు. లేదా పరపతి సంస్థకు "ముగిసినది" అని కబురు పంపలేదు. కొత్త బ్యాంకుకు ఆ భూమి ఇంకా తాకట్టులోనే ఉన్నట్టు కనబడుతుంది. ఎవరికైనా జామీను ఉండి, ఆ అప్పు తీరిపోయినా జామీనుదారు పేరు మీద అలాగే మిగిలిపోవడం కూడా ఇలాంటిదే.

ఐదవది, అక్కరలేని తనఖా అడగడం. పశుపోషకులకు కిసాన్ క్రెడిట్ కార్డు వర్తింపజేస్తామని 2018-19 బడ్జెటులో ప్రకటించారు. 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు వెలువడ్డాయి. తనఖా లేకుండా ఇవ్వవలసిన వ్యవసాయ అప్పు పరిమితిని 2025 జనవరి 1 నుంచి ఒక్కొక్కరికి రెండు లక్షల రూపాయలకు పెంచారు. పాడి వంటి అనుబంధ వృత్తుల అప్పులు కూడా ఇందులోకి వస్తాయి. లక్షన్నర అడిగిన సభ్యుడిని భూమి పత్రాలు లేవని తిప్పి పంపితే, ఆ కారణం నిలవదు.

మనకు ఏ హక్కులు ఉన్నాయి?

మొదటి హక్కు, కారణం తెలుసుకోవడం. అప్పులిచ్చే సంస్థలు పాటించవలసిన న్యాయమైన నియమావళిని రిజర్వు బ్యాంకు 2003లో ఇచ్చింది. చిన్న అప్పుల దరఖాస్తు తిరస్కరిస్తే ముఖ్య కారణాలను రాతపూర్వకంగా తెలపాలని అందులో ఉంది. 2007లో దానిని అన్ని రకాల అప్పులకూ విస్తరించారు. కనుక "కుదరదు" అన్న నోటిమాట చాలదు.

రెండవ హక్కు, పరపతి నివేదిక చూడటం. పరపతి సమాచార సంస్థల చట్టం, 2005లోని 21వ సెక్షను ప్రకారం, అప్పు అడిగినవాడు తన గురించి బ్యాంకు తెప్పించుకున్న నివేదిక ప్రతిని ఆ బ్యాంకునే అడగవచ్చు. అంతేకాక ఏడాదికొకసారి ప్రతి పరపతి సంస్థ నుంచి పూర్తి నివేదిక ఉచితంగా పొందవచ్చు. చదువుకున్న పిల్లలు ఫోనులో తీసి పెట్టగలరు.

మూడవ హక్కు, దిద్దించుకోవడం. తప్పు ఉందని ఫిర్యాదు చేస్తే 30 రోజులలోగా పరిష్కరించాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. అది 2024 ఏప్రిల్ 26 నుంచి అమలులో ఉంది. ఈ 30 రోజులు ఫిర్యాదు అందిన నాటి నుంచి లెక్కకు వస్తాయి. అందిన తేదీకి రుజువు లేకపోతే పరిహారం మాట ఎత్తడం కష్టం.

నాలుగవ హక్కు, తీరిన అప్పు తాలూకు పత్రాలు, భారం విడిపించుకోవడం. బాకీ పూర్తిగా కట్టిన తరువాత తాకట్టును విడుదల చేయాలని 2003 నియమావళిలోనే ఉంది. ఇంటి అప్పు వంటి వ్యక్తిగత అప్పుల విషయంలో రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఇంకా గట్టి ఉత్తర్వు ఇచ్చింది. 30 రోజులలోగా అసలు పత్రాలు తిరిగి ఇచ్చి, నమోదైన భారం తొలగించాలి. ఆలస్యం బ్యాంకువల్ల అయితే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి. ఈ రోజువారీ పరిహారం వ్యక్తిగత అప్పులకు ఉద్దేశించినదని, ప్రతి పంట అప్పుకు ఇది వర్తిస్తుందని అనుకోరాదని గమనించగలరు.

ఏ క్రమంలో నడవాలి?

తొందరపడి మరో నాలుగు బ్యాంకులలో దరఖాస్తులు వేయకండి. ప్రతి దరఖాస్తుకూ ఎవరో మన పరపతి చిట్టా చూసినట్టు గుర్తు పడుతుంది. అవి ఎక్కువైతే కొత్త అనుమానం పుడుతుంది. మూలంలో ఉన్న తప్పు దిద్దకుండా ఎక్కడికి వెళ్లినా అదే తప్పు మన వెంట వస్తుంది.

ముందుగా అదే శాఖకు ఒక చిన్న లేఖ ఇవ్వాలి. ఇలా రాస్తే చాలు:

"నేను ఫలానా తేదీన ఫలానా మొత్తానికి తనఖా అప్పు దరఖాస్తు ఇచ్చాను. అది తిరస్కరించినట్టు ఫలానా తేదీన నోటిమాటగా చెప్పారు. తిరస్కరణకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వగలరు. నా ఆదాయం, భూమి విస్తీర్ణం ఎలా లెక్కించారో తెలుపగలరు. నా గురించి తెప్పించిన పరపతి నివేదిక ప్రతిని ఇప్పించగలరు."

రెండు ప్రతులు తీయాలి. ఒకటి ఇచ్చి, రెండవ దానిపై ముద్ర, తేదీ, సంతకం వేయించుకోవాలి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి.

కారణం చేతికి వచ్చిన తరువాత, తప్పు ఎక్కడ ఉందో ఒక్కొక్కటిగా చూపుతూ రెండవ లేఖ ఇవ్వాలి. ఆదాయం తప్పయితే పాల బిల్లుల పట్టిక, విస్తీర్ణం తప్పయితే పాసు పుస్తకం, దస్తావేజు, ఈసీ నకళ్లు, పాత అప్పు గురించి అయితే బాకీ లేదన్న ధ్రువపత్రం జతచేయాలి. దరఖాస్తును పునఃపరిశీలించమని స్పష్టంగా అడగాలి. తప్పు వారిదైనప్పుడు విలువ కట్టే ఫీజు, లాయరు ఫీజు మళ్లీ వసూలు చేయవద్దని కూడా అందులోనే రాయాలి. పరపతి చిట్టాలో తప్పయితే, ఆ వివరం పంపిన బ్యాంకుకూ పరపతి సంస్థకూ ఇద్దరికీ ఫిర్యాదు చేయాలి. సంస్థ తనంతట తాను చిట్టా దిద్దదు. వివరం పంపినవారు ఒప్పుకోవాలి.

ముప్పై రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. సమీకృత అంబుడ్స్‌మన్ పథకం 2021 నవంబరు 12న ఆరంభమయింది. ఫీజు లేదు. వకీలు అవసరం లేదు, నిజానికి వకీలు ద్వారా ఫిర్యాదు స్వీకరించరు కూడా. సభ్యుడు అధికారమిస్తే మరొకరు ప్రతినిధిగా నడపవచ్చు. మన కార్యదర్శులు ఆ ప్రతినిధులు కావచ్చునని మా సూచన. ఇంటర్‌నెట్‌లో పెట్టలేనివారు చండీగఢ్, సెక్టారు 17, 160017లోని రిజర్వు బ్యాంకు కేంద్రీకృత స్వీకరణ కేంద్రానికి పోస్టులో పంపవచ్చు. వివరాలకు 14448 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. "నాకు అప్పు ఇవ్వలేదు" అని రాస్తే ఆ ఫిర్యాదు నిలవదు. అప్పు ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం, దానిలో అంబుడ్స్‌మన్ తలదూర్చరు. "తప్పుడు లెక్క మీద తిరస్కరించారు, ఫలానా తేదీన రుజువులు ఇచ్చినా దిద్దలేదు, కారణం రాసి ఇవ్వలేదు" అని రాయాలి. సేవలో లోపం అన్నదే మన ఫిర్యాదు.

ప్రభుత్వ రంగ బ్యాంకు అయితే సమాచార హక్కు చట్టం, 2005 కింద పది రూపాయల ఫీజుతో మన ఫైలులోని కాగితాల నకళ్లు అడగవచ్చు. అప్పు అడిగినది ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘంలో అయితే దారి వేరు. ఆ సంఘాలు రిజర్వు బ్యాంకు అజమాయిషీలో లేవు. అక్కడ సంఘ పాలకవర్గానికి, తరువాత జిల్లా సహకార అధికారికి రాసుకోవాలి.

సంఘాలు చేయవలసినది

అధ్యక్షులకు, కార్యదర్శులకు మా మనవి నాలుగు మాటలు.

అప్పు దరఖాస్తు పెట్టే సభ్యుడికి పన్నెండు నెలల పాల బిల్లుల పట్టిక మొదటి రోజే ఇవ్వండి. పట్టిక పైన "ఈ సంఘంలో నెలకు ఇన్ని బిల్లులు" అని పెద్ద అక్షరాలతో రాయండి. పాల విలువ ఒక వరుసలో, దాణా కోత మరో వరుసలో, చేతికి వచ్చినది మూడో వరుసలో చూపండి. పైన చెప్పిన సభ్యుడి కష్టం ఈ ఒక్క కాగితంతో తప్పేది.

అప్పు దరఖాస్తులకు ఒక చిన్న పుస్తకం పెట్టండి. పెట్టిన తేదీ, బ్యాంకు, మొత్తం, వచ్చిన జవాబు అందులో రాయండి. ఒకే శాఖలో ఒకే రకం తప్పు ముగ్గురికి జరిగిందని ఆ పుస్తకం చెబితే, అది ముగ్గురు వ్యక్తుల గోడు కాదు, సంఘం విషయం. అప్పుడు సంఘం తీర్మానం చేసి పంపవచ్చు. మాకు తెలియజేస్తే ఫెడరేషన్ పక్షాన పై అధికారులతో మాట్లాడతాము.

చదువు రాని సభ్యులకు, ఒంటరిగా బ్యాంకుకు వెళ్లడానికి జంకే మహిళా సభ్యులకు తోడుగా ఒక పాలకవర్గ సభ్యుడు వెళ్లండి. కొట్లాటకు కాదు, కాగితం ఇప్పించడానికి. మేనేజరు మనకు శత్రువు కాదు. ఆయనకు ఎన్నో ఊళ్ల పని ఉంటుంది. మర్యాదగా, తేదీలతో, రుజువులతో అడిగితే చాలా తప్పులు శాఖలోనే సరిపోతాయి.

చివరిది, "సిబిల్ బాగు చేయిస్తాం, ఇంత ఇవ్వండి" అని తిరిగే మధ్యవర్తులను ఊళ్లోకి రానివ్వకండి. తప్పు నిజంగా ఉంటే ఉచితంగానే దిద్దించుకోవచ్చు. బాకీ నిజంగా ఉంటే ఎవరూ చెరపలేరు.

మిత్రులారా, సంఘంలో పాలు పోసేటప్పుడు వెన్న శాతం ఒక గీత తగ్గితే మనం ఊరుకోము. మళ్లీ పరీక్ష చేయమంటాము. అది మన హక్కు అని ఎవరూ చెప్పకుండానే మనకు తెలుసు. భూమి తాకట్టు పెట్టి అడిగే అప్పు విషయంలో కూడా అంతే పట్టుదల చూపమని కోరుతున్నాము. వచ్చే మాసాంతంలోగా ప్రతి సంఘం తన సభ్యులలో దరఖాస్తు తిరిగి వచ్చిన వారి జాబితా తయారుచేసి, కారణం రాతలో వచ్చిందో లేదో చూసి, రానివారి చేత మొదటి లేఖ ఇప్పించవలసిందిగా మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాము.